కిటికీ చుట్టూ నాలుగు అంచులు

3, బుధవారం

మేస్త్రి ఇవాళ కూడా రాలేదు. ఫోను చేస్తే ఎత్తాడు, అదొక్కటే మెరుగు. రేపు తప్పకుండా వస్తానన్నాడు. ఆ "తప్పకుండా" వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి.

అక్క ఆస్పత్రి నుంచి వచ్చి ఆరు రోజులైంది. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. తుంటి ఎముకకు మాత్రం ఏమీ కాలేదు. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నప్పుడల్లా గుండెల మీద బరువు దిగినట్టుంటుంది. అరవై నాలుగేళ్ళ మనిషికి అది విరిగితే ఏమవుతుందో డాక్టరు చెప్పబోతే నేనే వద్దని ఆపాను. విరగలేదు కదా, ఇక ఎందుకు.

ఇంట్లో చూస్తే మాత్రం అంత తేలిగ్గా గడిచినట్టు అనిపించదు. బాత్రూం కిటికీ పని సగంలో ఆగి ఉంది. అక్క ఆ రోజు లోపల గడియ పెట్టుకుని, పడిపోయి, తలుపుకి అడ్డంగా ఉండిపోయింది. లోపలికి తెరుచుకునే తలుపు, తోయడానికి వీల్లేదు. పక్కవీధి వెల్డింగు షాపాయన కిటికీ ఊచలు కోసి, చట్రం బద్దలుకొట్టి, లోపలికి దూరాడు. సన్నటి మనిషి కాబట్టి సరిపోయింది. చట్రంతో పాటు చుట్టూ ఉన్న టైల్సన్నీ రాలిపోయాయి. మేస్త్రి కొత్త కిటికీ పెట్టాడు, గోడకు టైల్సు వేశాడు, కిటికీ లోపలి అంచులు నాలుగూ అలాగే వదిలేసి వేరే పని దొరికిందని వెళ్ళిపోయాడు. పచ్చి సిమెంటు, దాని చుట్టూ కోసిన టైల్సు. వేలు ఆనిస్తే తెగుతుంది.

అక్క ఆ బాత్రూంలోకి వెళ్ళడం లేదు. పాయిఖానా వేరే ఉంది కాబట్టి రోజు గడుస్తోంది. స్నానం మాత్రం గదిలోనే, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. నన్ను దగ్గరికి రానివ్వదు. ఆ అంచులు చూసే జంకుతోంది. అవి పూర్తయితే వెళ్తుంది.

అక్కా నేనూ పాతికేళ్ళుగా తోడికోడళ్ళం. బావగారు పోయాక మా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె ఇంత తక్కువ మాట్లాడడం నేను చూడలేదు. మందుల మత్తు అయి ఉంటుంది.

ఆ రోజు కుట్టు మిషను చప్పుడులో నాకేమీ వినపడలేదు.


4, గురువారం

రాలేదు.


6, శనివారం

ఇక మేస్త్రి కోసం ఎదురుచూడను. నేనే వేస్తాను. ఎవరైనా వింటే నవ్వుతారు, కానీ ఈ పుస్తకం చదివేది నేనే కదా.

ముప్పై ఏళ్ళుగా గుడ్డ అంచులు మడుస్తున్న చేతులివి. ఇంత చిన్న కిటికీకి అంచు వేయలేవా? పొద్దున ముందుగదిలోని నా కుట్టు షాపు తెరవకముందే పాత న్యూస్‌పేపర్లు తీసుకువెళ్ళి, కిటికీ లోపలి నాలుగు పక్కలకీ నాలుగు ముక్కలు కత్తిరించాను, గౌను చేతులకి కత్తిరించినట్టే. అప్పుడు బయటపడింది మేస్త్రి గుట్టు. కిటికీ తిన్నగా లేదు. ఎడమ పక్క పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు. అరంగుళం తేడా.

టైల్సు షాపాయన కాగితాలు తిప్పి తిప్పి చూసి, అందరూ కొలతలు తెస్తారు, మీరు కిటికీనే మడిచి తెచ్చారన్నాడు. మెచ్చుకోలో వెటకారమో తేల్చుకోలేదు. కాగితాల ప్రకారమే మిషను మీద కోసి ఇచ్చాడు. రెండేసి ముక్కలు ఎక్కువ కోయించుకున్నాను. గోడ టైలూ లోపలి టైలూ కలిసే మూలలో అంచు వాలుగా చెక్కాలట, అప్పుడు సన్నటి గీత తప్ప అతుకు కనపడదట. అది చెయ్యి తిరిగిన వాళ్ళ పని, మీరు ప్లాస్టిక్ పట్టీ పెట్టుకోండి, అది మూలను కప్పేస్తుంది అన్నాడు. పట్టీ వద్దన్నాను. అడ్డదారి నాకు అక్కర్లేదు. అతుకు తెలియకూడదు.

టైల్సు మోసుకొచ్చి నడవలో దింపితే పెద్ద చప్పుడైంది. ఏమిటని అక్క గదిలోంచి అడగలేదు. మామూలుగా అయితే మా ఇంట్లో చెంచా కింద పడినా ఆమెకు వివరం కావాలి.


7, ఆదివారం

ఆయన గూడ్సు బండి మీద నాలుగు రోజుల డ్యూటీ చేసి వచ్చారు. కాళ్ళు కడుక్కుని నేరుగా వదిన గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకోవడం వినిపించింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. టీ పట్టుకుని గబగబా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. నిద్ర వచ్చి ఉంటుంది. మందులు అలాంటివి.

భోజనం దగ్గర ఆయన మామూలుగానే అడిగారు, వదిన ఎంతసేపు పడి ఉందని. పదినిమిషాలన్నాను. ఆస్పత్రిలో కూడా అదే చెప్పాను. మిషను ఆపాక అనుమానం వచ్చి వెళ్ళి తలుపు కొట్టాను. అంతే జరిగింది.

టైల్సు చూపించాను. నీకెందుకు ఈ తంటా, ఇంకో మేస్త్రిని పిలుద్దామన్నారు. ఇంకో మేస్త్రి వద్దు, ఇది నా చేత్తోనే కావాలన్నాను. ఎందుకో ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.


8, సోమవారం

సానరాయి మీద అంచు వాలుగా రుద్దడం మొదలుపెట్టాను. మొదటి ముక్క బాగానే వస్తూ వస్తూ చివర్లో పెచ్చు లేచింది. రెండోది నడిమికి విరిగింది. మూడోది చక్కగా వచ్చింది, కిటికీకి పెట్టి చూస్తే అటు తిప్పి రుద్దాల్సింది ఇటు తిప్పి రుద్దాను. ఎడమ చేతి గుడ్డని కుడి చేతికి కుట్టినట్టు. మొదటి సంవత్సరం టైలరింగు నేర్చుకునేటప్పుడు కూడా ఇంత సిగ్గుపడే పని చేయలేదు.

వేళ్ళు తెగాయి. రేపు తెల్లచొక్కాలు కుట్టకూడదు, మరకలవుతాయి.


9, మంగళవారం

పట్టీ కొన్నాను. షాపాయన నవ్వలేదు. మంచి మనిషి. రెండు ముక్కలు మళ్ళీ కోసి ఇచ్చి, టైల్సు అతికించే గమ్ పెరుగులా కాదు, పిండిలా కలపాలని రెండుసార్లు చెప్పాడు.


11, గురువారం

కింది అంచు వేశాను. వేసి, దూరంగా నిలబడి చూసి, నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను. వాలు చూసే రసమట్టం పెడితే బుడగ సరిగ్గా నడిమిలో నిలబడింది.

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. గోడ పట్టుకుని నడవలోకి వచ్చి ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. "నడిమిలో నిలబడితే నీళ్ళు కూడా అక్కడే నిలబడతాయి అమ్మాయ్. కాస్త లోపలి వైపు వాలు ఉండాలి," అంది.

నిజమే. కిటికీలోంచి జల్లు కొడితే నీళ్ళు చట్రం మొదట్లో ఆగిపోతాయి. గమ్ ఆరకముందే టైలు ఊడదీసి, వెనక కాస్త ఎక్కువ గమ్ పెట్టి, మళ్ళీ వేశాను. చేసిన పని విప్పి మళ్ళీ చేయడమంటే నాకు ఒళ్ళు మంట. ఇవాళ మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. రెండు వారాల తర్వాత ఆమె తనంతట తాను నాతో మాట్లాడింది. తప్పు పట్టడానికే, అయితేనేం.


12, శుక్రవారం

కుడి పక్క, ఎడమ పక్క పూర్తి. అరంగుళం తేడా గమ్‌లో సర్దేశాను. అక్క కుర్చీ గుమ్మం బయటికి లాక్కుని కూర్చుంది. ఎడమ చేత్తో రసమట్టం అందించింది, టైల్సు మధ్య సందు కోసం పెట్టే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు లెక్కపెట్టి ఇచ్చింది. పని గురించి తప్ప వేరే మాట రాలేదు. గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

పట్టీ అంచు వేలితో తడిమి చూశాను. ఎక్కడా గీరుకోదు. ఇక జంకడానికి ఏముంది?


13, శనివారం

పొద్దున అన్నాను, పై అంచు ఒక్కటే మిగిలింది, మీరు స్నానం చేయొచ్చు, నీళ్ళు కాస్తాను అని. వద్దంది. అంచుల గురించి కాదని నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

మధ్యాహ్నం షాపు మూసేశాను. రాసేస్తాను. ఎక్కడో ఒకచోట రాయాలి.

ఆ రోజు పొద్దున మందులషాపు ఆవిడ కొత్త గౌను తొడుక్కుని చూసుకోవడానికి వచ్చింది. అద్దం ముందు నిలబడి తృప్తిగానే ఉంది. అక్క టీ గ్లాసు పట్టుకుని వచ్చి, కాలరు ఎడమకు లాగుతోంది అమ్మాయ్ అంది. ఆవిడ ఎదురుగా. నిజంగానే లాగుతోంది. అదే నాకు ఒళ్ళు మండించింది. గౌను విప్పించుకుని, సాయంత్రానికి సరిచేసి ఇస్తానని నవ్వుతూ ఆవిడను పంపించాను. పంపించి, అక్క వైపు తిరిగి అన్నాను: "మీకు ఈ ఇంట్లో ఒక గది ఇచ్చాం. ఇల్లంతా ఇవ్వలేదు."

తొమ్మిదేళ్ళలో ఆ మాట నా మనసులో కూడా ఎప్పుడూ అనుకోలేదు. నోటికి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది.

అక్క గ్లాసు కడిగి బోర్లించి, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది.

కాసేపటికి ధడేల్మని చప్పుడైంది. మిషను చప్పుడులో వినపడకపోవడమేమిటి? మిషను ఆగి ఉంది. సూదిలో దారం ఎక్కిస్తున్నాను. బకెట్టు నేలకేసి కొట్టింది, నా మీద కోపం దాని మీద చూపిస్తోంది అనుకున్నాను. చూపించనీ అనుకున్నాను. దారం ఎక్కింది. కాలరు కుట్లన్నీ విప్పి, మళ్ళీ కత్తిరించి, మళ్ళీ కుట్టాను. ఎంత తొందరగా చేసినా ఆ పనికి నాకు అరగంట పైనే పడుతుంది.

పదినిమిషాలు కాదు.


14, ఆదివారం

నిన్నటి పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. దాని వెనక కిటికీ కొలతలున్నాయి. అందుకని ఉంచాను.


16, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఇవాళ పై అంచు వేశాను. మిగిలిన మూడూ గోడకో కిందకో ఆనుకుని ఉండేవి. ఇది ఇంటి కప్పుకి టైలు అతికించినట్టు, నేల వైపు చూస్తూ వేలాడాలి. గమ్ బాగా పట్టించి పైకి నొక్కాను. చెయ్యి తీయబోతే కిందికి జారింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ జారింది. గమ్ పట్టు బిగిసేదాకా పట్టుకుని నిలబడడమే మార్గం. చిన్న స్టూలు మీద ఎక్కి, రెండు అరచేతులూ పైకెత్తి, దొంగని పోలీసులు నిలబెట్టినట్టు నిలబడ్డాను.

అక్క గుమ్మం బయట కుర్చీలో ఉంది. ఎంతసేపు పట్టుకోవాలని అడిగింది. తెలియదు, పావుగంటో ఇరవై నిమిషాలో అన్నాను. చెయ్యి తీస్తే టైలు పడుతుంది, కాబట్టి నేను ఎటూ పోలేను. ఆమె లేచి గదిలోకి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. నా వీపు ఆమె వైపు ఉంది. అదే నాకు ధైర్యమిచ్చింది.

"అక్కా, ఆ రోజు చప్పుడు నాకు వినపడింది," అన్నాను.

మిషను నడుస్తోందన్నావుగా అంది అక్క. నడవడం లేదన్నాను.

"విని ఏమనుకున్నావు?"

"మీరు నా మీద కోపంతో బకెట్టు నేలకేసి కొట్టారనుకున్నాను."

వెనక నుంచి ఏదో చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. మెడ తిప్పి చూడబోతే టైలు కదిలింది, మళ్ళీ నొక్కాను. ఓరకంట చూస్తే, కట్టు కట్టిన చేతిని పొట్టకి అదిమిపట్టుకుని వంగిపోతోంది. నవ్వుతోంది.

"కొట్టలేదు. తన్నాను," అంది. "నిండు బకెట్టు. అది కదల్లేదు, నేను కదిలాను."

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. సబ్బు మీద కాలు జారిందని డాక్టరుకి చెప్పిందట, మరిదికీ అదే చెప్పిందట. అరవై నాలుగేళ్ళు వచ్చి, ఒక మాటకు ఉడుక్కుని బకెట్టుని తన్నానని ఎవరితో చెప్పుకుంటాను అంది. నా ముఖం చూస్తే ఎక్కడ నోరు జారుతుందోనని కళ్ళు మూసుకుని పడుకుంటోందట. అది నిద్రా కాదు, మందులూ కాదు.

అయినా అసలు మాట ఇంకా మిగిలే ఉంది. భుజాలు పీకుతున్నాయి. చెప్పాను. "అరగంట పైన పడి ఉన్నారు. నేను కాలరు కుట్టుకుంటూ కూర్చున్నాను. పదినిమిషాలని అందరికీ అబద్ధం చెప్పాను."

ఈసారి ఆమె నవ్వలేదు.

"నాకు స్పృహ ఉందే," అంది. "నీ మిషను వినపడుతూనే ఉంది. నడుస్తోంది, ఆగుతోంది, నడుస్తోంది. ఆగినప్పుడు ఒక్క కేక వేస్తే వచ్చేదానివి. వేయలేదు. ఇది నాకిచ్చిన గది కాదుగా, ఇక్కణ్ణుంచి ఎలా పిలుస్తాను అనుకుని పళ్ళు బిగబట్టుకుని పడుకున్నా. ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఊరందరి కాల్సూ కలిపినదాన్ని, నా పిలుపు ఒక్కటి నేను పిలుచుకోలేకపోయాను."

నా కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల దాకా వెళ్ళాయి. చేతులు పైన ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందక్కా అన్నాను.

"అనకుండా ఉండాల్సిందే," అంది. పోనీలే అనలేదు. అననందుకు నాకు ఎందుకో హాయిగా ఉంది. పోనీలే అంటే నమ్మేదాన్ని కాదు.

కాసేపటికి తనే మళ్ళీ అడిగింది, స్నానానికి ఎందుకు వెళ్ళడం లేదో తెలుసా అని. మీకు భయమనుకున్నానన్నాను. భయమా పాడా, ఒంటి చేత్తో తల ఎలా రుద్దుకుంటాను, నిన్ను అడగాలి కదా, అదీ సంగతి అంది. అని, ఇంకో సంగతి ఎత్తే దారి చూసుకుంటున్నట్టు, కాలరు చివరికి సరిగ్గా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను.

"ఇక చెయ్యి తీయి. పట్టుకుంది."

తీశాను. టైలు కదల్లేదు. నా చేతులే కిందికి దిగలేదు, కట్టెల్లా బిగుసుకుపోయాయి. అక్క కుర్చీలోంచి లేచింది. గడప దాటి లోపలికి వచ్చింది. తడి నేల మీద ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి, ఎడమ చేత్తో నా మోచేయి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

దాదాపు మూడు వారాల తర్వాత కడుపునిండా తిన్నాను.


18, గురువారం

ఎవరొచ్చారో రాయాలంటే నవ్వొస్తోంది. మేస్త్రి.

టైల్సు చూసి నిర్ఘాంతపోయాడు. బొటనవేలు నాలుగు అంచుల మీదా నడిపించి, కింద ఎడమ మూల దగ్గర ఆగి, ఇక్కడ పట్టీ పొడవు కాస్త ఎక్కువైంది అన్నాడు. నిజమే, నాకూ తెలుసు. పై అంచు ఎలా వేశారని అడిగితే ఇరవై నిమిషాలు చేతులతో పట్టుకున్నానన్నాను. అయ్యో, రెండు కర్రలు ఆనించి వెళ్ళి టీ తాగి రావచ్చు కదమ్మా అన్నాడు. గదిలోంచి అక్క నవ్వు వినిపించింది. మేస్త్రికి తన మాటలో అంత నవ్వేముందో అర్థం కాలేదు.

సందుల్లో తెల్లసిమెంటు తనే పూశాడు. తడి స్పాంజితో ఎలా తుడవాలో నాకూ చూపించాడు. పని వదిలేసి పోయినందుకు నాలుగు మాటలు అందామని ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.


20, శనివారం

ఆయన వచ్చారు. అక్క ఎదురుగానే చెప్పేశాను, అరగంట పైనే అని. ఆయన నా ముఖం చూశారు, వదిన ముఖం చూశారు. ఆమె తన బకెట్టు సంగతి చెప్పింది. ఆయనకు ఎవరిని కోప్పడాలో తెలియక, లేచి వెళ్ళి పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీశారు. సాయంత్రానికి బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా మార్చి బిగించారు. ఆ పని చేస్తున్నంతసేపూ మీ ఇద్దరూ మీ ఇద్దరూ అని గొణుక్కుంటూనే ఉన్నారు.

ఎల్లుండికి సిమెంటు పూర్తిగా ఆరుతుందని మేస్త్రి చెప్పాడు.


22, సోమవారం

పొద్దున్నే నీళ్ళు కాచాను. అక్క కట్టు తడవకుండా చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టి కట్టాను. లోపలికి వెళ్ళింది, తలుపు దగ్గరికి వేసుకుంది. ఒళ్ళు తనే కడుక్కుంటానంది. సరేనని వచ్చి మిషను ముందు కూర్చున్నాను. కుట్టలేదు. ఊరికే కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు, చెంబు చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. లేచి వెళ్దామా అనుకున్నాను. వెళ్ళలేదు, ఆమె పని ఆమెను చేసుకోనివ్వాలి అనుకున్నాను.

"అమ్మాయ్," అని పిలిచింది.

కత్తెర ఎక్కడ పడేశానో కూడా చూసుకోలేదు.

ఏమీ కాలేదు. కిటికీ కింద స్టూలు మీద కూర్చుని, జుట్టు విప్పుకుని, వీపు నా వైపు పెట్టి ఉంది. తల రుద్దిపెట్టమంది. ఎండ నేరుగా ఆమె భుజాల మీద పడుతోంది. ఎడమ చెయ్యి కిటికీ కింది అంచు మీద ఆనించి పట్టుకుంది, గట్టిగా, తన బరువంతా వేసి. షాంపూ పోసి రుద్దాను. మూడు వారాల పైబడిన మురికి, మూడుసార్లు రుద్దాల్సి వచ్చింది. మధ్యలో కంట్లో పడిందని విసుక్కుంది, నీళ్ళు చల్లారాయని విసుక్కుంది. మళ్ళీ కాచి తెచ్చాను.

బయటికి వచ్చేసరికి ఆమె కన్నా నేనే ఎక్కువ తడిశాను. నన్ను కూడా తలమీద పోసుకోమంది, ఎటూ తడిశావుగా అని. పోసుకున్నాను. మందులషాపు ఆవిడ ఇంకో గౌను గుడ్డ పట్టుకుని వస్తే, ఇద్దరం వెనక మెట్ల మీద ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాం. మధ్యాహ్నం రమ్మని అక్కే చెప్పి పంపించింది.